అడ్మిషన్లు తగ్గిన వారం

అన్నా,

ఈరోజు మదనపల్లెలో, మా ఆసుపత్రి రికార్డు గదిలో, కొత్త డాక్టరమ్మ కరోనా రెండో వేవ్ లెక్కలు చూస్తూ అడిగింది: "ఈ వారం అడ్మిషన్లు తగ్గినాయి. అంటే జబ్బు తగ్గినట్టే కదా సార్?"

ఆ వారమే నేను ఇవే లెక్కలు చూసి పుంగనూరుకు ఫోన్ చేసి, "తగ్గుతాండాదిన్నా, అంగడి తెరువు" అని నీకు చెప్పాను. నా మాట నమ్మి తెరిచావు. పదిరోజులకు నిన్ను ఆటోలో తెస్తే, ఈ ఆసుపత్రి గేటు దగ్గరే "బెడ్ లేదప్పా" అని తిప్పి పంపారు. దారిలోనే పోయావు.

"జబ్బు తగ్గలేదమ్మా. బెడ్లు ఖాళీ కాక చేర్చుకోలేదు. తిరిగిపోయినోళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు" అన్నాను.

"మీకెట్ల తెలుసు సార్?"

"మా అన్న పేరు యాడా లేదమ్మా."

ఇన్నేళ్లలో ఇక్కడ నీ గురించి ఒకరికి చెప్పడం ఇదే మొదలు. ఫోన్ చేసింది నేనేనని మాత్రం చెప్పలేకపోయాను.