రౌటరు ఎవరి చేతికి?

కొత్తపేట,
4-8-1983

ప్రియమైన శంకరం అన్నయ్యకు,

దుర్గ నమస్కారాలు. నాన్నగారు నీ దగ్గర కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ బావగారికి ఈ మధ్య చెక్కపని పిచ్చి పట్టుకుంది. తాలూకాఫీసు నుంచి రావడమే తడవు, పనస చెక్కలు ముందేసుకుని కూర్చుంటున్నారు. చెక్కకి అంచులు తీర్చి గాడి తీసే కరెంటు మిషను, రౌటరంటారట, అది కావాలంటున్నారు. దాని కింద బిగించే బేసులు రెండు రకాలట. నువ్వు విశాఖపట్నంలో అమ్మేవి అవే కదా, ఇంట్లో వాడుకోవడానికి ఏది మంచిదో రాయి.

నీ చెల్లెలు,
దుర్గ

విశాఖపట్నం,
12-8-1983

చి.సౌ. దుర్గకు ఆశీస్సులు.

ఒక బేసులో బ్లేడు దిగే లోతు ముందే బిగించేస్తాం, ఇక కదలదు. పిడులు చెక్కకి దగ్గరగా ఉంటాయి కాబట్టి మిషను తూలదు. అంచులకి అదే హాయి. రెండోది స్ప్రింగుల మీద ఉంటుంది. పైనుంచి నొక్కితే బ్లేడు చెక్క నడిమికి దిగుతుంది. గాడి మధ్యలో మొదలెట్టి మధ్యలో ఆపాలంటే అది కావాలి గాని, నొక్కడానికి బలం ఉండాలి. చేతికి నప్పని మిషను వేళ్లు తీసేస్తుంది. అందుకని బావగారి అరచెయ్యి కాగితం మీద పెట్టించి, చుట్టూ గీసి పంపు.

శంకరం

కొత్తపేట,
20-8-1983

అన్నయ్యా,

ఇందులో గీసిన చెయ్యి మీ బావగారిది కాదు, నాది. చెక్కపని పిచ్చీ నాదే. ఆయన మేకు కొట్టమంటే గోడకి దణ్ణం పెట్టే మనిషి. అయినా ఆయన చెయ్యే గీద్దామని కూర్చోబెట్టాను. ఆయన చెయ్యి లాక్కుని, "తప్పు చెయ్యి పంపితే తప్పు మిషనొస్తుందే! నీ వేళ్లు నీకక్కర్లేదా?" అన్నారు. అందుకని నిజం రాస్తున్నాను. రాయడం మొదలెట్టాను కాబట్టి అంతా రాసేస్తాను. నాకు పన్నెండేళ్లప్పుడు ఉప్పలగుప్తంలో నేను చేసిన పీట నీకు గుర్తుండే ఉంటుంది. "ఎవరు చేసేర్రా ఇది?" అని నాన్నగారు అడిగితే నువ్వు "నేనేనండి" అన్నావు. ఆడపిల్ల ఉలి పట్టిందని తిడతారని నన్ను కాపాడావనుకున్నాను, ఓ వారం రోజులు. ఆ తరవాత ఆయన పీట ఊరంతా చూపించి, "మావాడిది ఇంజనీరు చెయ్యి" అని నిన్ను కాకినాడ పాలిటెక్నిక్కులో చేర్చారు. నా చదువు ఎనిమిదో క్లాసుతో ఆపేశారు. నువ్వు బస్సెక్కిన రోజు పులిహోర పొట్లం కట్టి ఇచ్చింది నేనే. నాకు కోపం వచ్చిందన్నయ్యా. ఇరవయ్యారేళ్లయినా పోలేదు. మిషను పంపితే నాకని పంపు. బావగారికని పంపేటట్టయితే వద్దు.

దుర్గ

విశాఖపట్నం,
1-9-1983

దుర్గా,

నీ ఉత్తరం నాన్నగారికి చదివి వినిపించాను. నా తప్పు ఆయన ముందు ఒప్పుకోవాలి కదా. మొత్తం విని ఆయన, "నాకప్పుడే తెలుసురా. నీకు ఉలి ఎటు పట్టుకోవాలో తెలీదు. ఆడపిల్లని ఆ చదువుకి పంపితే నలుగురూ నవ్వుతారని భయపడ్డాను. నువ్వైనా చదువుతావని ఊరుకున్నాను" అన్నారు. నేను మోసం చేశాననే ఇన్నాళ్లూ నలిగిపోయాను. ఆయన తెలిసే నిన్ను ఆపేశారు. ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పో నువ్వే తేల్చు, నాకు చేతకావడం లేదు.

నీ చేతికి కదలని బేసే నప్పుతుంది. ముందు దానితో అంచులు తీర్చు. చెయ్యి కుదిరాక స్ప్రింగుల బేసు బిగించుకో, రెండూ పెట్టాను. రసీదు నీ పేరనే రాయించాను. పార్శిల్లో వేద్దామంటే నాన్నగారు ఒప్పుకోలేదు. నేను తోడొస్తానంటే, "నేను చెప్పుకోవలసింది నువ్వు చెప్తావట్రా?" అని కసిరారు. మిషను పెట్టె ఒళ్లో పెట్టుకుని ఆదివారం బస్సుకి వస్తున్నారు. నీకు మాట్లాడాలనిపించకపోతే మాట్లాడకు. మిషను మాత్రం ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి నడుపు.

నీ అన్న,
శంకరం