కాకి మోగించిన సైరన్

ప్రియమైన అమ్మకు,

ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ, రొయ్యలూ, నీ కోళ్లూ క్షేమం. చిల్లకూరులో నువ్వూ, క్యాథరిన్ అక్కా, చంటిదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. నువ్వు అడిగినవాటికి జవాబులు రాసి తర్వాత అసలు సంగతికి వద్దామనుకున్నాను గానీ ఆగలేకపోతున్నాను. అమ్మా, మన సైరన్ నిలిచింది! పంచాయతీ దాన్ని పీకెయ్యలేదు!

సరే, జవాబులు. నల్లపెట్ట పొదుగుతోంది. స్త్రీల సమాజం కూడిక సమాధానం గారింట్లో జరిగింది, అందరూ నిన్ను అడిగారు. రొయ్యలు బాగా ఎదిగాయి, పట్టుబడి దగ్గరపడింది. దొంగలు వల వేసేదీ సరిగ్గా ఇప్పుడే కాబట్టి ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఉన్నాను. చేపలు ఎండబెట్టావా అని అడిగావు చూడు, కథంతా అక్కడే మొదలైంది.

నువ్వు వెళ్లాక పంచాయతీలో కొత్త తీర్మానం చేశారు. రొయ్యల గుంటల దగ్గర దొంగల కోసం పెట్టుకున్న సైరన్లు అయినదానికీ కానిదానికీ మోగుతున్నాయి, ఆ మోత విని తుఫాను హెచ్చరికేమోనని ముసలీ ముతకా మూటలు పట్టుకుని షెల్టరుకు పరుగెత్తుతున్నారు. ఇలాగే సాగితే నిజంగా తుఫాను వచ్చిననాడు ఎవరూ కదలరని పెద్దల భయం. న్యాయమైన భయమే. అందుకని ఉత్తుత్తిగా మూడుసార్లు మోగిన సైరన్‌ను విప్పేస్తారట. నువ్వుండగా మోగినవాటిలో రెండు అప్పటికే మన పేరున పడ్డాయి. కానీ నువ్వు ఊరెళ్లినప్పటి నుంచి అది నోరెత్తలేదు. నీకూ దానికీ పడదేమోనని నవ్వుకున్నాను కూడా.

నువ్వు రాసినట్టే చేపలకు ఉప్పు పట్టించి, గట్టు మీద సైరన్ స్తంభాలకు నువ్వు కట్టిన తాడు మీద వేలాడదీశాను. ఆరేసేంతసేపూ స్విచ్ ఆపి తర్వాత వేశాను. ఆ రెండు స్తంభాల మధ్య కంటికి కనబడని వెలుగు పారుతుందనీ, దానికి ఏది అడ్డం వచ్చినా మోత మోగుతుందనీ బిగించినవాడు చెప్పనే చెప్పాడు. అయినా గుంజ కనబడితే తాడు కట్టడం, తాడు కనబడితే చేప ఆరేయడం మన చేతి అలవాటు. తాడు ఆ వెలుగుకు పైన ఉంది కదా అని నాకూ అనుమానం రాలేదు. ఇంతలో ఒక కాకి చేప తోక కోసం కిందికి వాలింది. అంతే, సైరన్ మోగింది! నేను గుంటలో పడబోయి తమాయించుకున్నాను.

పక్క గుంట పెంచలమ్మ అన్నం చేత్తోనే వచ్చింది. “ఏందిమ్మే ఎవాంజెలిన్, మీ సైరన్‌కి దయ్యం పట్టిందా? ముద్ద నోట్లో పెట్టుకోనీదు గదా!”

ఆమె వెనకే పంచాయతీ కార్యదర్శి గిరిబాబు గారు నిచ్చెనతో సహా దిగాడు. “మూడోది అయిపొయ్యిందమ్మా. రూలు రూలే. విప్పతా ఉండాం.”

నిచ్చెన పట్టుకుని వేలాడాను. “అన్నా, ఎందుకు మోగతా ఉండాదో నాకు తెలిసిపొయ్యింది. కంటితో చూసినాక విప్పుకో!” అన్నాను.

సర్పంచిని కూడా పిలిపించి, అందరినీ షెడ్డు వెనక నక్కి కూర్చోబెట్టాను. అమ్మా, ఆ కాకి ఎంతకీ రాదే! చివరికి వచ్చింది మహాతల్లి. తోక మీద వాలబోయింది, సైరన్ కెవ్వుమంది, గిరిబాబు గారు ఎగిరిపడ్డాడు, పెంచలమ్మ నవ్వలేక కూలబడింది. సర్పంచి అక్కడికక్కడే తేల్చేశాడు. సైరన్ ఉండనివ్వండి, ఇకమీదట స్తంభాలకు తాడు గానీ చేప గానీ కడితే మాత్రం ఊరుకోం అన్నాడు. ఎగిరి గంతేశాను!

ఇంక ఇంతసేపూ దాచిన మాట చెబుతాను. కాకి మొదటిసారి వాలినప్పుడు నా చెవులు దిమ్మెక్కాయి. రెండు చేతులతో మూసుకుని దూరంగా పరుగెత్తాను. అప్పుడు గుర్తొచ్చింది. మోత విని నేను ఇంటి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చిన ప్రతిసారీ నువ్వు ఆ సైరన్ కిందే నిలబడి నిమ్మళంగా కాకులను తోలుతుండేదానివి. నా మొహం చూశాకే తల పైకెత్తి, “మోగనీలేవే” అనేదానివి. అమ్మా, నీకు అది వినపడలేదు. ఎన్నాళ్ల నుంచి? చిల్లకూరులో సిగ్నల్ లేదు, ఫోన్ వద్దు, ఉత్తరం రాయమన్నావు. హైవే పక్క ఊళ్లో సిగ్నల్ లేకపోవడమేమిటని ఒక్కసారైనా అనుకోలేదు నేను. సైరన్‌ను తిట్టుకున్నాను గానీ పక్కనున్న నిన్ను చూసుకోలేదు. ఏడుపొచ్చింది.

నీ చెవుల సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. కానీ ఇంకో పని చేశాను. ప్రతి సైరన్‌కూ బాధ్యత పడే మనిషి ఒకరుండాలి, మోగగానే ఆ మనిషే ముందు గట్టు మీదికి రావాలి, అదీ రూలే. ఎవరి పేరు రాయమంటావని గిరిబాబు గారు అడిగితే ప్రేమలీల అని నీ పేరే చెప్పాను. నువ్వు వచ్చేదాకా నేను చూసుకుంటానన్నాను.

కాబట్టి అక్కను తోడు తీసుకుని గూడూరులో చెవుల డాక్టరుకు చూపించుకో. చెవికి మిషన్ పెట్టాలంటే పెట్టించుకో. ముసలిదైపోయిందని నలుగురూ అంటారని నీ బెంగ, నాకు తెలుసు. నా మీద కోపమొస్తుందనీ తెలుసు. వచ్చి నోరారా తిట్టు. నేనూ ఊరుకోను, మాటకు మాట అంటాను. అదంతా నీకు వినపడాలి.

ఇట్లు,
నీ నోటిదురుసు చిన్నకూతురు
ఎవాంజెలిన్