రేకు కింది గోళెం

శ్యామలా, బాత్రూం వెనక రేకు కింద గోళెంల దోమ పిల్లలు కుప్పలుగ ఈదుతున్నయి. పారబోసి ఎండల బోర్లేసిన.

అవ్వకు గంజి తాగినంకనే గోలీ ఇయ్యి. నీ వేళ్లు మంచిగ వంగేదాక బీడీలు చుట్టకు, కార్ఖానల చెప్పిన. మూడు నెలలకు ఇయ్యాల నా మోకాళ్లు లేచినయి, చెరుకు కోతకు పోతున్న.

ఈ చికున్‌గున్యా రెంజల్‌ల తల్లిగారింటి నుంచి నువ్వే తెచ్చినవని అవ్వ రోజూ అంటది. నువ్వు ఏడ్సుకుంట మాటలు పడ్డవు.

మున్సిపాలిటోళ్లు నీళ్లన్ని పారబోస్తుంటే, నల్లా నాలుగొద్దులకోసారి వస్తదని, నీ బీడీల తునికాకు తడపను నీళ్లుండాలని, ఆ గోళెం దాచింది నేనే. జ్వరంల పడి మరిచిపోయిన.

ఈ చీటీ అవ్వకు చదివి వినిపియ్యి. నా నోటెంట రాలే.

– ఆత్మారాం