అమ్మ ఈల

అమ్మ ఊపిరిని దొంగిలించి యంత్రాల గొంతులో పెట్టావు, సెబ్యోల్ అక్కా. ఫోన్ ఎత్తవు కాబట్టి బూసాన్‌లో ఉన్న నీకు పడవలో ఈ ఉత్తరం పంపుతున్నాను.

నిన్న శంఖాలు ఏరడానికి మునిగిన అమ్మ కొక్కెం సముద్రం అడుగున రాతిలో ఇరుక్కుంది. అదే సమయానికి మీ కంపెనీ నాచు నాటే యంత్రం పైకి తేలి, అచ్చం అమ్మలాగే ఊపిరి వదులుతూ ఈల వేసింది. ‘అదిగో, తేలింది’ అనుకుని అమ్మతో దిగే మల్సున్ పిన్ని మళ్ళీ నీళ్ళలోకి మునిగింది. తేలినప్పుడల్లా వేసే ఆ ఈల విని కదా సముద్రానికి దిగే మన జేజూ దీవి ఆడవాళ్ళు ఒకరినొకరు కాసుకునేది! అమ్మ తేలుడు బంతి కదలట్లేదని ఎవరో చూడబట్టి జుట్టు పట్టి పైకి లాగారు. చెవుల్లోంచి రక్తం.

ఆ ఈల తీసెయ్.

హన్బి

*

ప్రియమైన హన్బీ,

దొంగిలించలేదే. అమ్మే ఈల రికార్డు చేసి ఇచ్చింది. ‘నేను దిగలేని రోజున కూడా సముద్రానికి నా ఊపిరి వినపడాలి’ అంది. యంత్రం తేలేటప్పుడు హెచ్చరికగా ముందు సైరన్ పెడితే మీ ఆడవాళ్ళే కొక్కేలతో వైర్లు తెంపలేదూ? సున్నం కొట్టినట్టు తెల్లబడి చచ్చిన రాళ్ళ మీద ఇవాళ నాచు ఊగుతోంది. అది చూడవేం?

నాట్లు పూర్తయ్యేదాకా మావాళ్ళు ఈల మార్చనివ్వరు. అందాకా అమ్మని నీళ్ళలోకి పంపకు.

నీ అక్క,
సెబ్యోల్

*

అక్కా,

అమ్మని అడిగాను. ఇచ్చిందట. దొంగ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అదొక్కటే.

ఆపడం నావల్ల కాలేదు. ‘ఇన్నేళ్ళకి నాచుతో శంఖాలు తిరిగొస్తే ఇంట్లో కూర్చుని చారు కాచుకోనా?’ అని ఇవాళ దిగింది. ఆమె ఈల వేస్తే ఇప్పుడెవరూ నమ్మరు. అందుకని తేలిన ప్రతిసారీ నీ పేరు పెట్టి అరుస్తోంది. ‘సెబ్యోలా!’ అని. యంత్రానికి ఆ పిలుపు రాదుగా.

‘నీ పెద్దది పలకదే, చిన్నదాన్ని పిలువు’ అని మల్సున్ పిన్ని ఎకసెక్కెమాడింది. అందరూ నవ్వారు. మధ్యాహ్నానికి ఆ నవ్వు లేదు. ఈల ఊపిరిని నిలబెడుతుంది, అరుపు ఉన్న కాస్తా లాగేస్తుంది. ఆఖరిసారి తేలేసరికి అమ్మ పెదాలు నల్లబడ్డాయి. ‘సె’ అన్నంతవరకే వినిపించింది.

ఈ ఉత్తరం ఈ రాత్రి పడవలోనే పంపుతున్నాను. రేపు గాలి, పెద్ద పడవ నడుస్తుంది గానీ మనవాళ్ళెవరూ దిగరు. ఎల్లుండి పొద్దున ఆటుకి అమ్మ దిగుతుంది. ఆలోగా ఆ యంత్రాల నోరు మూయించు. మీవాళ్ళు ఒప్పుకోకపోతే రేపే పడవెక్కి వచ్చి రేవులో నిలబడు.

అమ్మ పిలిచినప్పుడు పలుకు.

హన్బి