పక్కింటి మొక్కజొన్న తొట్టి

నేపర్‌విల్, నవంబర్, శనివారం రాత్రి

ఇంకా ఒళ్లు మండిపోతూనే ఉంది.

పొద్దున మా కంచె దగ్గర ఒక జింక నిలబడి ఉంది. ఎముకలు తేలిపోయాయి, నోట్లోంచి చొంగ కారుతోంది, దగ్గరికి వెళ్లినా పారిపోలేదు. ఫోన్ చేస్తే వన్యప్రాణుల శాఖ ఆఫీసరమ్మ వచ్చింది. జింకలు చిక్కి చనిపోయే జబ్బులా ఉందని, దానికి మందు లేదని చెప్పింది. పరీక్ష కోసం దాన్ని చంపి తీసుకెళ్లక తప్పలేదు. వెళ్తూ అడిగింది, ఇక్కడెవరైనా మేత పెడుతున్నారా అని. ఒకటి చొంగ కార్చిన చోట ఇంకోటి తింటే అంటుకుంటుందట.

పక్కింటి సుధాకర్ గారు పెరట్లో మొక్కజొన్న తొట్టి పెడతారు. వెళ్లి చెప్పాను.

"పాపం, చలికాలం కదండీ. పుణ్యం కోసం పెడుతున్నా. పిల్లలు వీడియోస్ తీసుకుంటారు. మీరు ఊరికే ప్యానిక్ అవుతున్నారు" అని నవ్వారు.

పుణ్యమట! సాయంత్రం చూస్తే ఆ తొట్టిలోనే నాలుగు జింకలు మూతులు పెట్టాయి. అందులో ఒకటి ఈ ఏడాది పుట్టిన పిల్ల. నేరుగా గేటు తీసుకుని వెళ్లి, వాటిని తరిమి, గింజలు సంచిలో పోసి, తొట్టి లాక్కొచ్చాను.

"ఇది ట్రెస్‌పాసింగ్! పోలీసుల్ని పిలుస్తా" అని ఆయన అరిచారు.

"పిలవండి. జింకలకి మేత పెట్టడం ఇక్కడ నేరమని వాళ్లే చెప్తారు" అన్నాను. ఆయన తలుపేసుకున్నారు.

ఆ జబ్బు మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుందని కూడా ఆఫీసరమ్మ చెప్పింది. తొట్టి తెచ్చేశాను సరే, దాని కింద మట్టిని ఏం చేయను? ఆ జింకపిల్ల రేపు మళ్లీ అక్కడికే వస్తుంది...