చెంగమ్మను మద్రాసు పంపించండి

పెరంబూరు, మద్రాసు
12-8-87

నాయనకు నమస్కారాలు. మీ మనవడు పెంచలు మోకాలి వాపు తగ్గింది, దిగులు పడకండి.

నెత్తురు గడ్డకట్టని జబ్బున్న పిల్లల కోసం ఇక్కడ ఒక సంఘం ఉంది. ఇంట్లో ఒకరికి సూది వేయడం నేర్పుతారు. రైలు చార్జీ, భోజనం, ఏడాది మందు ఖర్చు వాళ్లే పెట్టుకుంటారు. నిన్న నన్ను రబ్బరు గొట్టం మీద గుచ్చి చూపమన్నారు. ప్రతిసారీ సూది పక్కకు పోయింది.

"ఏమబ్బా, ఎద్దుకు ముక్కుతాడు ఏస్తుండావా?" అని నర్సు వాసవాంబ నవ్వింది.

"మా నాయన వద్దక్కా. మాయమ్మ ముల్లు తీస్తే నొప్పే తెలీదు" అన్నాడు పెంచలు.

"అట్లయితే ఆమెనే పిలిపించు. సోమారం మళ్లీ క్లాసు ఉండాది" అంది.

కాబట్టి మీ కోడలు చెంగమ్మను ఆదివారంలోగా ఎవరినైనా తోడిచ్చి రైలెక్కించండి. కోడలు పుట్టింటి నుంచి జబ్బు తెచ్చింది చాలక ఇప్పుడు సూది కూడానా అని అమ్మ అంటుంది. ఇందులో ఎవరి తప్పూ లేదని డాక్టరు చెప్పాడు. ఆ మాట అమ్మకు మీరే చెప్పాలి.

బర్రె ఈనిందా? పాలు పితకడానికి చెల్లెల్ని పిలిపించుకోండి. మందు చల్లగా ఉండాలట. పశువుల ఆసుపత్రి ఫ్రిజ్‌లో కాస్త చోటిస్తారేమో కాంపౌండరును అడగండి.

చెంగమ్మ నేర్చుకుంటే మోకాలు వాచినప్పుడల్లా వాణ్ణి ఎత్తుకుని మద్రాసు పరుగెత్తే పని ఉండదు. వాడు మళ్లీ బడికి పోతాడు. ఈ కార్డు ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. అమ్మకు నా దండాలు.

మీ కుమారుడు
ఆదికేశవులు