నా గుండెకేమీ కాలేదక్కా

కర్నూలు,
ఆదివారం.

మా లక్ష్మక్కకు తమ్ముడు వీరేశి దండాలు పెట్టి రాసేదేమంటే, ఈడ నేను బాగుండాను. నిజంగానే బాగుండాను. ఆడ నువ్వు, బావ, అమ్మ, పిల్లోళ్లు ఎట్లుండారో, వానేమన్నా పడెనో లేదో బావతో రాయించు.

మన తిమ్మప్ప కోసిగికి వచ్చి "వీరేశి పని అయిపోయె" అని చెప్పినాడంట. అమ్మ ఏడ్చి అన్నం మానేసిందని రాస్తిరి. అయిపోలేదమ్మా, తిను. జరిగింది చెప్తా. బావా, నిదానంగా చదువు.

కర్నూలు రాజధాని అయినప్పట్నుంచి యాడ చూసినా ఆఫీసులు, గుడారాలు, కోట్లేసుకున్నోళ్లు. మా ఖాదర్ సాయిబు అంగట్లో కుట్టుమిషన్లకు తీరికే లేదు. పోయిన నెల గుంటూరు తట్టు ఆఫీసరొకాయన కోటు కుట్టించుకునేకి వచ్చె. ఆయన మెడ కొలత తీస్తాంటి. ఉన్నట్టుండి గుండె దడదడ, చేతులు తిమ్మిర్లు, ఊపిరాడదు, కండ్లకు చీకట్లు. నాయన చేన్లో గుంటక తోలుతా రొమ్ము పట్టుకుని పడిపోయింది గుర్తొచ్చె. ఇంక నాకూ అంతే అనుకుని చేతికి దొరికింది గట్టిగా పట్టుకుంటి. దొరికింది టేపు. అది ఆయన మెడ చుట్టూ ఉండాది.

"ఏవిటయ్యా ఇది! చంపేస్తావా ఏవిటి!" అని ఆయన.

"నేనే సస్తాండా సామీ!" అని నేను.

ఇద్దరం గుడ్డల మీద పడితిమి. నన్ను పలకరించేకి వచ్చిన తిమ్మప్ప అది వాకిట్లోంచే చూసి, లోపలికి కూడా రాకుండా రైలెక్కె.

కాసేపటికి తగ్గిపాయె. కానీ మళ్లా ఏటి ఒడ్డున వచ్చె, హోటల్లో వచ్చె. ఆఖరికి టేపు ముట్టుకునేకే భయం. సాయిబు దర్గాకు పిల్చుకపోయి తాయెత్తు కట్టించె. నేనుండే ఇంటామె "గ్యాసప్పా అది" అని వాము కషాయం తాపె. గాబరా తగ్గలేదు, విరేచనాలు తోడైనాయి. పని వదిలి ఊరికి వచ్చేద్దామని పెట్టె సర్దుకుంటి. "ఇన్ని చేసినాం, డాక్టర్ను కూడా చూసి పోదువు పా" అని సాయిబే పెద్దాసుపత్రికి పిల్చుకపోయె.

ముసలి డాక్టరు రొమ్ముకు గొట్టం పెట్టి శానాసేపు వినె. మెట్లెక్కించె, దించె. "ఎద్దు గుండెయ్యా నీది" అనె.

"మరి సచ్చేటట్టు ఎందుకవుతాది సామీ?"

"భయం. ఇదీ ఒక జబ్బే. పిచ్చి కాదు, దయ్యం కాదు. వచ్చినప్పుడు పారిపోవద్దు. కూర్చో. పొయ్యి ఊదినట్టు కాదు, వేడి పాలు చల్లార్చుకున్నట్టు మెల్లగా ఊపిరి వదులు. అదే ఎక్కుతుంది, అదే దిగుతుంది."

ఇంట్లో ఎవరన్నా గుండెనొప్పితో పోయినారా అని అడిగె. నాయన సంగతి చెప్తా చెప్తా ఏడ్చేస్తి. ఆయన ఆపమనలేదు. అప్పుడప్పుడు వచ్చి మాట్లాడి పొమ్మనె. పోతాండా. బయటికొచ్చినాక సాయిబు "అరే, నా గుండె కూడా వినిపించుకుంటే పోయేది" అని ఒకటే బాధపడె.

ఇప్పుడు కూడా వస్తాది అక్కా, అబద్ధం చెప్పను. వస్తే "ఒక్క నిమిషం సార్, నాకు గాబరా వచ్చె" అని చెప్పి కూర్చుంటా. దిగిపోతాది, లేచి కత్తెర పట్టుకుంటా. ఆ ఆఫీసరు కూడా ప్యాంట్లకని మళ్లా వచ్చె. నడుము కొలత మాత్రం తానే తీసుకుని, దూరంగా నిలబడి చెప్తాడు.

ఈడ ఎండలు మన ఊరివే. హోటలోళ్ల కూరల్లో కారమే ఉండదు. ఎవరన్నా వస్తాంటే జొన్నరొట్టెలు, శెనక్కాయల కారం పంపు. వాము పంపొద్దు.

ఇంకొక మాట. నీ చిన్నబిడ్డ పోయినప్పట్నుంచి నువ్వు సంతలో ఊపిరాడక కూలబడేది, దయ్యమని మనోళ్లు వేపమండలతో కొట్టించేది తలుచుకుంటి. డాక్టరు నన్ను అడిగిన మాటలన్నీ నీ సంగతి మాదిరే ఉండె. నీ గురించి చెప్తి. "తీసుకురా" అనె. నిన్ను ఎవరూ కొట్టరు అక్కా, అడుగుతారు అంతే.

బావా, ఈ మాట మళ్లా ఒకసారి గట్టిగా చదువు, అమ్మ కూడా వింటాది. అక్కను రైలెక్కించు. నేను స్టేషన్లో నిలబడి ఉంటా.

అమ్మ కాళ్లకు, ఊర్లో పెద్దోళ్లందరికీ దండాలు. నన్ను చల్లగా ఉండమని దీవించండి.

మీ వీరేశి